రెండో ప్రపంచ యుద్ధం: గతి మార్చిన దండయాత్రలు, పోరాటాలు

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలెండుపై దండెత్తడంతో మొదలైన రెండో ప్రపంచ యుద్ధం, 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రంపై సంతకం చేయడంతో ముగిసింది. ఈ ఆరేళ్లలో జరిగిన పోరాటాలకు లెక్క లేదు గానీ, యుద్ధం నడకనే మార్చినవిగా చరిత్రకారులు ఎంచేవి కొన్నే. మొదటి మూడేళ్లు జర్మనీ, ఇటలీ, జపాను కలిసిన అక్షరాజ్యాలదే పైచేయి. 1942 జూన్ నుంచి 1943 ఫిబ్రవరి లోపు మిడ్‌వే, ఎల్ అలమీన్, స్టాలిన్‌గ్రాడ్‌లలో ఆ దూకుడుకు అడ్డుకట్ట పడింది. 1944లో ఇంఫాల్–కోహిమా, నార్మండీ, బెలారస్ పోరాటాలతో బ్రిటన్, అమెరికా, సోవియట్ యూనియన్ తదితర మిత్రరాజ్యాల విజయం దాదాపు ఖాయమైంది.

ఈ పోరాటాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. తెగువకు ఏ పక్షంలోనూ కొదవ లేదు. దాడికి దిగిన సైన్యం తనకు తిండి, ఇంధనం, మందుగుండు అందే దూరాన్ని దాటి ఎంత ముందుకు పోయింది, ఎదుటివాడి ఎత్తు ఎవరికి ముందుగా తెలిసింది అన్న రెండు విషయాలే చాలాచోట్ల ఫలితాన్ని తేల్చాయి.

మెరుపుదాడులు: 1939–40

పోలెండుపై దాడి జరిగిన రెండు రోజులకు, సెప్టెంబరు 3న, బ్రిటన్, ఫ్రాన్స్ జర్మనీపై యుద్ధం ప్రకటించాయి. ట్యాంకులు, మోటారు వాహనాల్లో కదిలే పదాతి దళాలు, వాటికి పైనుంచి అండగా బాంబర్లు, వీటన్నిటినీ రేడియో ద్వారా కలిపి నడపడం జర్మనీ అనుసరించిన పద్ధతి. 1940 మే 10న అదే పద్ధతిని పడమటి దిక్కున ప్రయోగించింది. ఫ్రాన్స్ తన సరిహద్దులో కట్టుకున్న మాజినో కోటల వరుసను తప్పించి, ట్యాంకులు నడవలేవని అందరూ అనుకున్న ఆర్డెన్ అడవుల గుండా ప్రధాన దళాన్ని పంపింది. మే 13న ఆ దళాలు సెడాన్ దగ్గర మ్యూజ్ నదిని దాటాయి. బెల్జియంలోకి చొచ్చుకుపోయిన బ్రిటిష్, ఫ్రెంచి సేనలకు వెనక దారి మూసుకుపోయింది. మే 26 నుంచి జూన్ 4 వరకు డన్‌కిర్క్ తీరం నుంచి సుమారు 3,38,000 మంది సైనికులు ఓడల్లో, పడవల్లో ఇంగ్లండుకు తప్పించుకున్నారు. ఆయుధాలు, వాహనాలు మాత్రం అక్కడే వదిలేయాల్సి వచ్చింది. జూన్ 22న ఫ్రాన్స్ లొంగిపోయింది.

ఆ వేసవిలోనే బ్రిటన్‌పై గగనతల యుద్ధం మొదలైంది. తీరం పొడవునా నిలిపిన రాడార్ కేంద్రాలు శత్రు విమానాల రాకను ముందే పసిగట్టేవి. అందువల్ల బ్రిటన్ తన కొద్దిపాటి ఫైటర్లను రోజంతా గాలిలో తిప్పి ఇంధనం తగలేసుకోకుండా, అవసరమైన వేళకు అవసరమైన చోటికే పంపగలిగింది. సెప్టెంబరు 17న హిట్లర్ ఇంగ్లండుపై దండయాత్రను వాయిదా వేశాడు. ఆ తరువాత దాన్ని మళ్లీ తలపెట్టలేదు.

బార్బరోసా: 1941

1941 జూన్ 22 తెల్లవారుజామున 30 లక్షలకు పైబడిన జర్మనీ, దాని మిత్రుల సైన్యం సోవియట్ యూనియన్‌లోకి అడుగుపెట్టింది. చరిత్రలో భూమార్గాన జరిగిన అతిపెద్ద దండయాత్ర ఇదే. ఉత్తరాన లెనిన్‌గ్రాడ్, మధ్యలో మాస్కో, దక్షిణాన కీవ్ లక్ష్యాలుగా సేనలు మూడు పాయలుగా కదిలాయి. సెప్టెంబరులో కీవ్ చుట్టూ పన్నిన వలయంలో ఆరు లక్షలకు పైగా సోవియట్ సైనికులు బందీలైనట్లు జర్మనీ ప్రకటించుకుంది. లెనిన్‌గ్రాడ్ ముట్టడి సెప్టెంబరు 8న మొదలై 872 రోజులు సాగింది.

విజయాలు పెరిగేకొద్దీ ఇక్కట్లూ పెరిగాయి. రష్యా రైలుపట్టాల మధ్య వెడల్పు 1,524 మిల్లీమీటర్లు, జర్మనీలో 1,435. పట్టాలు మార్చి వేసుకుంటే తప్ప జర్మన్ రైళ్లు ముందుకు కదలవు. మెరుపుదాడుల సైన్యంగా పేరుపడ్డా, ఆ సేన వెంట లాగుడు పనికి సుమారు ఆరు లక్షల గుర్రాలు నడిచాయి. అక్టోబరు వానలకు మట్టిరోడ్లు ఊబిగా మారాయి, ఆపైన చలి ముంచుకొచ్చింది. ఈలోగా సోవియట్ ప్రభుత్వం 1,500కు పైగా కర్మాగారాలను విప్పి, రైళ్లలో యూరల్ పర్వతాలకు, ఇంకా తూర్పుకు తరలించింది. డిసెంబరు 5న సోవియట్ సేనాని జుకోవ్ నాయకత్వంలో మాస్కో ముందు ఎదురుదాడి మొదలైంది. అప్పటిదాకా భూతలంపై ఓటమి ఎరగని జర్మన్ సైన్యం మొదటిసారి పెద్ద ఎత్తున వెనక్కి తగ్గింది.

పెర్ల్ హార్బర్ నుంచి విశాఖ దాకా

మాస్కో ఎదురుదాడి మొదలైన రెండు రోజులకే, డిసెంబరు 7న, జపాను హవాయిలోని పెర్ల్ హార్బర్‌పై దాడి చేసింది. ఆరు విమానవాహక నౌకల నుంచి లేచిన విమానాలు అమెరికా యుద్ధనౌకలు ఎనిమిదింటిని దెబ్బతీయగా వాటిలో నాలుగు మునిగాయి. 2,403 మంది అమెరికన్లు మరణించారు. అయితే అమెరికా విమానవాహక నౌకలు ఆ రోజు రేవులో లేవు. చమురు ట్యాంకులు, మరమ్మతు కేంద్రాలు చెక్కుచెదరలేదు. ఈ రెండు లోపాల ఫలితం ఆరు నెలల్లో జపానుకు తెలిసొచ్చింది.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. అక్కడ బందీలైన భారతీయ సైనికుల్లో చాలామంది తరువాత ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేస్తున్న తెలుగు కూలీలు వేలాదిగా ఉన్నవన్నీ వదులుకుని కొండదారుల వెంట నడిచి స్వదేశం చేరాల్సి వచ్చింది. దారిలో ఆకలితో, జబ్బులతో రాలిపోయినవారు ఎందరో. ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ప్రాణనష్టం కొద్దిపాటిదే. అయినా తీరపట్టణాల జనం భయపడి లోపలి ఊళ్లకు తరలిపోయారు. బంగాళాఖాతంలో జపానుకు ఎదురే లేదన్న భావన ఆ రోజుల్లో బలంగా ఉండేది.

మిడ్‌వే: 1942 జూన్

మధ్య పసిఫిక్‌లోని మిడ్‌వే అనే చిన్న దీవిని పట్టుకుని, దాన్ని కాపాడుకోవడానికి వచ్చే అమెరికా విమానవాహక నౌకలను ముంచేయాలని జపాను నౌకాదళ సేనాని యమమోటో పథకం వేశాడు. ఆ పథకం గుట్టు హవాయిలోని ఒక నేలమాళిగలో రట్టయింది. రోష్‌ఫోర్ట్ అనే అధికారి బృందం జపాను నౌకాదళ సంకేత లిపిని కొంతమేర ఛేదించింది. దాడి జరగబోయే చోటుకు వాడిన గుర్తు దేనిదో తేల్చడానికి వాళ్లు ఒక ఎర వేశారు. మంచినీటి యంత్రం పాడైందని మిడ్‌వే నుంచి మామూలు భాషలో సందేశం పంపించారు. ఆ గుర్తున్న చోట నీటి కొరత ఉందని జపాను వర్గాలు తమవాళ్లకు చేరవేశాయి. చోటు తేలిపోయింది.

అమెరికా సేనాని నిమిట్జ్ చేతిలో ఉన్నవి మూడు విమానవాహక నౌకలు. అందులో యార్క్‌టౌన్, మేలో జరిగిన కోరల్ సముద్ర పోరాటంలో తీవ్రంగా దెబ్బతిని వచ్చింది. నెలలు పట్టే మరమ్మతును పెర్ల్ హార్బర్ పనివాళ్లు మూడు రోజుల్లో కానిచ్చి దాన్ని సముద్రంలోకి పంపారు. జపాను వదిలేసిన ఆ మరమ్మతు కేంద్రమే దాని కొంప ముంచింది.

జూన్ 4 ఉదయం జపాను నౌకల సారథి నగుమో, మిడ్‌వేపై రెండో దాడి కోసం విమానాల నుంచి టార్పెడోలు తీసి బాంబులు అమర్చమన్నాడు. అంతలో అమెరికా నౌకలు కనిపించాయన్న కబురు రావడంతో మళ్లీ టార్పెడోలు పెట్టమన్నాడు. ఈ గందరగోళంలోనే అమెరికా టార్పెడో విమానాలు నీటికి ఆనుకుని ఎగురుతూ వచ్చి దాదాపు అన్నీ కూలిపోయాయి. వాహక నౌక హార్నెట్ నుంచి వచ్చిన 15 విమానాల దళంలో ఒక్క పైలట్ మాత్రమే బతికి బయటపడ్డాడు. మరోపక్క మూడో వాహక నౌక ఎంటర్‌ప్రైజ్ నుంచి వచ్చిన బాంబర్ల నాయకుడు మెక్లస్కీ, అనుకున్న చోట శత్రు నౌకలు కనిపించక, ఇంధనం తగ్గుతున్నా వెతుకుతూనే ఉన్నాడు. ఒంటరిగా వేగంగా పోతున్న జపాను డిస్ట్రాయర్ ఒకటి అతని కంటపడింది. అది తన నౌకాదళాన్ని కలుసుకోవడానికే పోతున్నదని ఊహించి అదే దిక్కు పట్టాడు. పదిన్నర కావడానికి కొద్ది నిమిషాల ముందు ఎంటర్‌ప్రైజ్, యార్క్‌టౌన్ బాంబర్లు ఒకేసారి పైనుంచి విరుచుకుపడ్డాయి. బాంబులు, టార్పెడోలు, ఇంధనం గొట్టాల మధ్య జపాను వాహక నౌకలు అకాగి, కగా, సోర్యు నిమిషాల్లో అంటుకున్నాయి. నాలుగోదైన హిర్యు, యార్క్‌టౌన్‌ను కోలుకోలేని దెబ్బతీసి, సాయంత్రానికి తానూ మంటల్లో చిక్కింది. పెర్ల్ హార్బర్‌పై దాడి చేసిన ఆరు వాహక నౌకల్లో నాలుగు ఒక్క పోరాటంలో పోయాయి. ఆ నష్టాన్ని పూడ్చుకోవడం జపాను తరం కాలేదు. ఆగస్టులో గ్వాడల్‌కెనాల్ దీవిపై దిగినప్పటి నుంచి పసిఫిక్‌లో అడుగు ముందుకు వేసింది అమెరికాయే.

ఎల్ అలమీన్: 1942 అక్టోబరు–నవంబరు

ఉత్తర ఆఫ్రికాలో రోమెల్ నడిపిన జర్మన్–ఇటాలియన్ సేన 1942 జూన్‌లో టోబ్రుక్‌ను పట్టుకుని ఈజిప్టులోకి చొరబడింది. అలెగ్జాండ్రియాకు సుమారు 100 కిలోమీటర్ల పడమర ఉన్న ఎల్ అలమీన్ దగ్గర దాని నడక ఆగింది. ఉత్తరాన సముద్రం, దక్షిణాన వాహనాలు దిగలేని కట్టారా పల్లం ఉండడంతో అక్కడ చుట్టు తిరిగి వెళ్లే దారి లేదు. రోమెల్‌కు ప్రధాన రేవు ట్రిపోలి 2,000 కిలోమీటర్లకు పైగా వెనక ఉండిపోయింది. ముందు వరసకు ఇంధనం మోసే లారీలే ఆ ఇంధనంలో పెద్ద వంతు తాగేసేవి. సముద్రంపై వచ్చే చమురు ఓడల రాకపోకలను బ్రిటిష్ వారు సంకేత లిపి ఛేదించి ముందే తెలుసుకునేవారు. అలా ఎన్నో ఓడలు నీటి పాలయ్యాయి.

బ్రిటిష్ సేనాని మాంట్‌గొమరీ తొందరపడలేదు. సైనికుల్లోనూ ట్యాంకుల్లోనూ స్పష్టమైన ఆధిక్యం కూడగట్టుకుని అక్టోబరు 23 రాత్రి సుమారు 900 ఫిరంగులతో దాడి ప్రారంభించాడు. సైనికులు ముందుగా దాటాల్సింది దాదాపు ఐదు లక్షల మందుపాతరలు పాతిన నేలను. నాలుగో భారతీయ డివిజన్ కూడా ఈ పోరాటంలో ఉంది. నవంబరు 4కల్లా రోమెల్ సేన వెనుదిరిగింది. నవంబరు 8న మొరాకో, అల్జీరియాలలో మిత్రరాజ్యాల సేనలు దిగాయి. రెండు వైపుల నుంచి ఒత్తిడికి నిలవలేక, 1943 మేలో ట్యునీషియాలో అక్షరాజ్యాల సైన్యం లొంగిపోయింది.

స్టాలిన్‌గ్రాడ్: 1942 ఆగస్టు–1943 ఫిబ్రవరి

1942 జూన్ 28న జర్మనీ దక్షిణ రష్యాలో కొత్త దాడికి దిగింది. కాకసస్ చమురు బావులే అసలు లక్ష్యం. వోల్గా ఒడ్డున బారుగా పరుచుకున్న స్టాలిన్‌గ్రాడ్ పారిశ్రామిక నగరం మొదట్లో అనుబంధ లక్ష్యమే. క్రమంగా అదే ఇరుపక్షాలకూ పంతమైపోయింది. ఆగస్టు 23న జరిగిన బాంబుదాడిలో ఊరు శిథిలమైంది. ఆ శిథిలాలే రక్షకులకు కోటలయ్యాయి.

62వ సోవియట్ సైన్యాన్ని నడిపిన చుయ్‌కోవ్ తన సైనికులను శత్రువుకు చేతిబాంబు విసిరేంత దగ్గరలో ఉండమన్నాడు. అంత దగ్గరగా ఉంటే తమవాళ్లకే తగులుతాయన్న భయంతో జర్మన్ విమానాలు బాంబులు వేయలేవు. ధాన్యం నిలవచేసే ఒక ఎత్తైన గిడ్డంగిని యాభై మంది దాకా సైనికులు రోజుల తరబడి కాచారు. ట్రాక్టరు కర్మాగారంలో, ఉక్కు కర్మాగారంలో పోరు గది నుంచి గదికి, అంతస్తు నుంచి అంతస్తుకు సాగింది. తూర్పు ఒడ్డు నుంచి మనుషులు, మందుగుండు రాత్రివేళ పడవల్లో వోల్గా దాటి వచ్చేవి. నవంబరు మధ్యనాటికి నగరంలో పదింట తొమ్మిది వంతులు జర్మన్ల చేతిలో ఉన్నా, ఆ చివరి ఒడ్డు మాత్రం వాళ్లకు దక్కలేదు.

జర్మన్ ఆరో సైన్యం సేనాని పౌలుస్ బలమంతా నగరంలో ఇరుక్కుపోగా, ఇరుపక్కల వందల కిలోమీటర్ల మేర కాపలా రుమేనియా తదితర మిత్ర సేనల మీద పడింది. వాళ్ల దగ్గర ట్యాంకులను ఎదిరించే తుపాకులు చాలినన్ని లేవు. సోవియట్ సేనానులు జుకోవ్, వాసిలెవ్‌స్కీ గురిపెట్టింది అక్కడే. పది లక్షలకు పైగా సైన్యాన్ని రహస్యంగా కూడగట్టి, నవంబరు 19న ఉత్తరం నుంచి, మరునాడు దక్షిణం నుంచి దాడి చేశారు. 23న రెండు దళాలూ కలాచ్ దగ్గర కలుసుకున్నాయి. రెండున్నర లక్షలకు పైగా సైనికులు వలయంలో చిక్కారు.

వాళ్లకు కావలసినవన్నీ విమానాల్లో అందిస్తానని జర్మన్ వాయుసేనాధిపతి గోరింగ్ హిట్లర్‌కు మాట ఇచ్చాడు. రోజుకు 500 టన్నులు కావాలని అడిగితే సగటున అందింది సుమారు 100 టన్నులు. సైనికులు తమ గుర్రాలను కోసుకు తిన్నారు. డిసెంబరులో జర్మన్ సేనాని మాన్‌స్టైన్ బయటి నుంచి వలయం తెంచాలని చూసి విఫలమయ్యాడు. జనవరి 30న హిట్లర్ పౌలుస్‌కు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చాడు. ఆ హోదాలో ఉన్న జర్మన్ సేనాని ఎవరూ అప్పటిదాకా శత్రువుకు బందీ కాలేదు. ప్రాణం తీసుకొమ్మన్న సూచన అందులో దాగుంది. మర్నాడే పౌలుస్ లొంగిపోయాడు. ఫిబ్రవరి 2న పోరు ముగిసింది. బందీలైన సుమారు 91,000 మందిలో చివరకు ఇల్లు చేరింది ఆరు వేల లోపే.

1943: కుర్స్క్, అట్లాంటిక్

1943 జూలై 5న జర్మనీ కుర్స్క్ దగ్గర తూర్పు రంగంలో తన చివరి పెద్ద దాడి చేసింది. దాడి సంగతి ముందే తెలిసిన సోవియట్ సైన్యం వరసల మీద వరసలుగా కందకాలు, మందుపాతరలు సిద్ధం చేసుకుంది. వారం తిరిగేసరికి దాడి నీరుగారింది. అదే సమయంలో మిత్రరాజ్యాలు సిసిలీలో దిగడంతో హిట్లర్ దాన్ని ఆపేయక తప్పలేదు. అంతకుముందు మేలోనే అట్లాంటిక్ మహాసముద్రంలో జర్మనీ ఒక్క నెలలో 41 జలాంతర్గాములను కోల్పోయి మిగిలినవాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిపించుకుంది. దూరం ఎగరగల విమానాలు, కొత్త రాడార్లు, సంకేత లిపి ఛేదన కలిసి సాధించిన ఈ విజయం లేకుంటే అమెరికా సైన్యం, సామగ్రి ఐరోపాకు క్షేమంగా చేరేవి కావు.

ఇంఫాల్–కోహిమా: 1944 మార్చి–జూలై

ఈ యుద్ధంలో భారత గడ్డపై జరిగిన అతిపెద్ద పోరాటం ఇది. బర్మా నుంచి చింద్విన్ నది దాటి మణిపూర్, నాగా కొండలపై దాడి చేయాలన్నది జపాను సేనాని ముతాగుచి పథకం. సుమారు 85,000 మంది జపాను సైనికులతో పాటు ఆజాద్ హింద్ ఫౌజు దళాలు కూడా కదిలాయి. ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో ఫౌజు త్రివర్ణ పతాకాన్ని ఎగరవేసింది. అటు బ్రిటిష్ ఇండియా సైన్యంలోనూ భారతీయులే అధికం. స్వాతంత్ర్యాన్ని కోరే భారతీయులు ఒకవైపు, జీతానికి కట్టుబడ్డ భారతీయులు మరోవైపు ఒకే కొండల్లో ఎదురుపడ్డారు.

ముతాగుచి లెక్కంతా మూడు వారాల తిండి మీద నడిచింది. ఆలోగా ఇంఫాల్ గిడ్డంగులు చేజిక్కుతాయని, దారిలో పశువుల మందలను తోలుకెళ్లి కోసుకోవచ్చని అనుకున్నాడు. మందల్లో చాలా భాగం నది దాటడంలో, కొండలెక్కడంలో చచ్చిపోయాయి. ఏప్రిల్ 4న మొదలైన కోహిమా ముట్టడిలో, సైనికేతరులతో కలిపి 2,500 మంది దండు ఒక జపాను డివిజన్‌ను రెండు వారాలకు పైగా నిలువరించింది. జిల్లా డిప్యూటీ కమిషనర్ బంగళాలోని టెన్నిస్ కోర్టు పోరాటానికి నట్టనడుమ సరిహద్దైంది. కోర్టుకు ఆ చివరన ఒకరు, ఈ చివరన ఒకరు గుంటల్లో ఉండి చేతిబాంబులు విసురుకున్నారు.

మిత్రరాజ్యాల సేనాని స్లిమ్‌కు విమానాలు అండగా నిలిచాయి. అరకాన్ నుంచి ఒక డివిజన్‌ను ఫిరంగులు, కంచరగాడిదలతో సహా విమానాల్లో ఇంఫాల్‌కు దించారు. దారులు మూసుకుపోయిన ఇంఫాల్‌కు తిండి, మందులు నెలల తరబడి గాలిమార్గాన అందాయి. స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మనీ చేయలేకపోయిన పని ఇక్కడ జరిగింది. తన సైనికులకు తిండి గింజ అందకపోవడంతో జపాను 31వ డివిజన్ అధిపతి సాతో ఆజ్ఞ లేకుండానే వెనక్కి మళ్లాడు. జూన్ 22న ఇంఫాల్–కోహిమా దారి తెరుచుకుంది. దాడికి వచ్చినవారిలో సగానికి పైగా చనిపోవడమో, గాయాలతో, జబ్బులతో పనికిరాకుండా పోవడమో జరిగింది. బర్మా తిరిగి మిత్రరాజ్యాల వశం కావడానికి ఇదే నాంది.

నార్మండీ: 1944 జూన్

1942 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని డియెప్ రేవుపై చేసిన దాడిలో మిత్రరాజ్యాలు చావుదెబ్బ తిన్నాయి. కాపలా ఉన్న రేవును నేరుగా పట్టుకోవడం కుదరదని దాంతో తేలింది. అందుకే 1944లో రేవునే వెంట తీసుకెళ్లారు. కాంక్రీటు దిమ్మెలను సముద్రంపై లాక్కెళ్లి ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో రెండు కృత్రిమ రేవులను కట్టారు. దాడి ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని పాదకలే వద్ద జరుగుతుందని నమ్మించడానికి అమెరికా సేనాని ప్యాటన్ పేర లేని సైన్యాన్ని సృష్టించి, రబ్బరు ట్యాంకులు, దొంగ రేడియో సందేశాలు వాడారు.

జూన్ 5న జరగాల్సిన దాడి తుపాను వల్ల ఒక రోజు ఆగింది. వాతావరణ అధికారి స్టాగ్ కొద్దిసేపు తెరిపి ఉంటుందని చెప్పగా మిత్రరాజ్యాల సర్వసేనాని ఐసన్‌హోవర్ సరేనన్నాడు. ఆ వాతావరణంలో ఎవరూ రారని, అప్పటికి ఆ తీరం రక్షణ చూస్తున్న రోమెల్ తన భార్య పుట్టినరోజుకు ఇంటికి వెళ్లాడు. జూన్ 6న ఐదు తీరాల్లో, ఆకాశం నుంచి కలిపి సుమారు 1,56,000 మంది దిగారు. వాటిలో ఒకటైన ఒమాహా తీరంలో పరిస్థితి ఘోరంగా ఉంది. నీటిపై తేలేలా తయారుచేసి దూరం నుంచే సముద్రంలోకి వదిలిన ఒక బెటాలియన్ ట్యాంకులు 29లో 27 అలలకు మునిగిపోయాయి. పదాతి సైనికులు అండ లేకుండానే తుపాకీ గుళ్లకు ఎదురెళ్లారు. సాయంత్రానికి అక్కడా కాలు నిలిచింది. అసలు దాడి ఇంకా పాదకలే వద్దే జరుగుతుందన్న నమ్మకంతో జర్మనీ అక్కడి సేనలను వారాల తరబడి కదపలేదు. జూన్ నెలాఖరుకు 8,50,000 మంది తీరం చేరారు. ఆగస్టు 25న పారిస్ విముక్తమైంది.

నార్మండీలో పోరు సాగుతుండగానే, జూన్ 22న, సోవియట్ సైన్యం బెలారస్‌లో బగ్రాతియోన్ పేరుతో దాడి చేసింది. జర్మన్ మధ్య సేనావాహిని ఐదు వారాల్లో ధ్వంసమైంది. 28 డివిజన్లు తుడిచిపెట్టుకుపోయాయి. జూలై 17న సుమారు 57,000 మంది జర్మన్ బందీలను మాస్కో వీధుల్లో నడిపించారు. అమెరికా పంపిన వేలాది లారీలు ఈ దాడి వేగానికి తోడ్పడ్డాయి.

అంచనా

ఏ పోరాటం నిజమైన మలుపు అన్నదానిపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. మెరుపుదాడి ఆశలు మాస్కో ముందే కూలిపోయాయి కాబట్టి అదే మలుపు అని కొందరు, స్టాలిన్‌గ్రాడ్ అని కొందరు, కుర్స్క్ తరువాతే జర్మనీకి దారి మూసుకుపోయిందని మరికొందరు అంటారు. బ్రిటన్‌లో ఎల్ అలమీన్‌కు, అమెరికాలో మిడ్‌వే, నార్మండీలకు, రష్యాలో స్టాలిన్‌గ్రాడ్‌కు పెద్దపీట దక్కడం సహజం. ప్రాణనష్టం లెక్కన చూస్తే తూర్పు రంగానిదే సింహభాగం. సోవియట్ యూనియన్ కోల్పోయిన జనం సుమారు 2.7 కోట్లు. 25 లక్షల మంది సైనికులను పంపిన భారతదేశంలో కోహిమాకు దక్కిన గుర్తింపు చాలా కాలం తక్కువే. 2013లో బ్రిటన్ జాతీయ సైనిక మ్యూజియం నిర్వహించిన ఓటింగులో ఇంఫాల్–కోహిమా ఆ దేశపు అతిగొప్ప పోరాటంగా ఎంపికైన తరువాతే ఇక్కడి పాఠకుల దృష్టి దానిపై మళ్లీ పడింది.

1944 డిసెంబరు 16న ఆర్డెన్ అడవుల్లో జర్మనీ మరోసారి దాడి చేసింది. దారి 1940 నాటిదే, ఆశ్చర్యపరిచిన తీరూ అదే. ఈసారి గమ్యం చేరడానికి చాలినంత ఇంధనం లేదు. దారిలో మిత్రరాజ్యాల చమురు నిల్వలు పట్టుకుంటే తప్ప ముందుకు సాగలేని పథకం అది. ఆ నిల్వలు చిక్కలేదు, ట్యాంకులు రోడ్ల మీద ఆగిపోయాయి. నాలుగున్నర నెలల తరువాత బెర్లిన్ పతనమైంది.